కొంచెం ఎడమకి

ఏప్రిల్ నెల. నీళ్ళు ఆరు డిగ్రీలు.
ఫారో దీవుల్లో దీన్ని వసంతం అంటారు,
అనేటప్పుడు ఎవరూ నవ్వరు.

హానుస్ ముందు దిగాడు రేవు మెట్ల మీంచి,
వీపు సముద్రం వైపు పెట్టి, అటక దిగుతున్నవాడిలా.
ముప్పై ఏళ్ళు ట్రాలర్ల ఇంజన్లు బాగుచేసిన మనిషి.
చేపల్ని బతికుండగా చూడ్డం
రిటైరయ్యాకే మొదలుపెట్టాడు.

పెదాల చుట్టూ బయటపడ్డ ఆ వేలెడంత చర్మానికి
చలి చురకలు పెట్టీ పెట్టీ
తర్వాత ఊరుకుంది.
మొద్దుబారడం కూడా ఒక సుఖమే.

కెల్ప్ అడవి కింద చీకటి టీ రంగులో ఉంది,
పాలు పొయ్యని టీ.
బండ సందులో స్టైన్‌బీటుర్,
'రాయి కొరికేది' అని ఇక్కడి పేరు,
రాత్రంతా పంటినొప్పితో మేలుకున్న మొహం.
మమ్మల్ని చూసి కదల్లేదు.
మర్యాద కోసం రెండు ఫోటోలు తీశాను.

నేను వచ్చింది దానికోసం కాదు.
కిందటి వారం హానుస్ చూసి చెప్పాడు:
కెల్ప్ కాడ మీద, చిటికెనవేలి గోరంత,
పెంకు వదిలేసిన నత్త.
వీపంతా తెల్లటి పోగులు, కొసల్లో నిప్పురవ్వంత నారింజ.
గుడ్లు పెడుతోంది.
జంతిక చుట్టినట్టు, తెల్లటి రిబ్బను,
చుట్టలోపల చుట్ట.

అతను దీపం పట్టాడు.
నేను మోకాళ్ళు ఇసుకలో దిగేసి
వేలితో సైగ చేశాను: కొంచెం ఎడమకి.
జరిపాడు.
మళ్ళీ: కొంచెం ఎడమకి.
అల వచ్చినప్పుడల్లా కాడ ఊగుతుంది, నత్త ఊగుతుంది,
నా గురి దాని కొమ్ము దాటి ఎటో పోతుంది.
ఊపిరి బిగబట్టకూడదు, ఈ పనిలో అది మొదటి పాఠం.
కానీ అంత చిన్న ప్రాణి
అంత తీరిగ్గా
తన తర్వాతివాళ్ళని చుట్టుకుంటూ పోతుంటే
ఎవరికి గుర్తుంటుంది పాఠం?

ఇరవై రెండు నిమిషాలు. అరవై ఒక్క ఫోటో.

రేవు మీద, ఫ్లాస్కులోంచి గొర్రెమాంసం సూపు
ఎడం చేత్తో వంచి ఇచ్చాడు. కొంత ఒలికింది.
ముసలాడైపోయాడు అనుకున్నాను.
"దొరికిందా?"
"దొరికింది."

రాత్రి వంటింటి బల్ల దగ్గర,
వాన కిటికీకి అడ్డంగా కొడుతుంటే
ఒక్కొక్కటీ చెరిపేస్తూ కూచున్నాను:
మసక, మసక, ఇసుక రేణువులు, తోక లేదు, మసక.
నలభై మూడోది కూడా చెరిపేసేదాన్నే.
ఫ్లాష్ నత్త మీద పడలేదు,
వెనక మనిషి మీద పడింది.

హానుస్. కుడిచేతిలో దీపం.
ఎడమచెయ్యి ఆ కుడి మణికట్టుని
బట్ట పిండినట్టు పట్టుకుని ఉంది.
కుడి గ్లవ్ ఉబ్బి ఉంది, నీళ్ళు నింపిన తోలుతిత్తిలా.
మాస్కు వెనక కళ్ళు నా వైపు లేవు,
నత్త వైపూ లేవు.
గట్టిగా మూసి ఉన్నాయి.

దాని తర్వాత ఇంకా పద్దెనిమిది తీశాను.
ప్రతి ఫోటోకీ పక్కన టైము ఉంటుంది.
లెక్కవేశాను, వెయ్యకుండా ఉండాల్సింది.
ఏడు నిమిషాలు.
అందులో నాలుగుసార్లు ఎడమకి.

పొద్దున్నే వెళ్ళాను. షెడ్లో ఉన్నాడు.
సైకిల్ ట్యూబు ముక్క కోసి
గ్లవ్ మణికట్టుకి అతుకు వేస్తున్నాడు.
కుడిచేతి వేళ్ళు ఉడికిన రొయ్యల్లా ఎర్రగా ఉన్నాయి.
ఎందుకు చెప్పలేదని పోట్లాడ్డానికి వెళ్ళినదాన్ని.
తలెత్తకుండానే అడిగాడు,
"గుడ్లు కూడా పడ్డాయా? చుట్టంతా?"
"పడ్డాయి."
"ఎన్నుంటాయో," అన్నాడు
జిగురు మూత పళ్ళతో లాగుతూ.

బల్బు వెలుగు చాల్లేదు.
గోడకి వేలాడుతున్న టార్చి తీసి పట్టుకున్నాను.
కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, అతుకు మీంచి చూపు తిప్పకుండా,
"కొంచెం ఎడమకి," అన్నాడు.